తిరిగొచ్చిన నమూనాలు

ఒళ్ళో కట్ట బరువుగా ఉంది. నిజానికి బరువుండవలసిన కట్ట కాదు. అన్నీ కాగితాలే, అందులోనూ అమృతవల్లి తన చేత్తో మడిచి, తన చేత్తో జిగురు రాసి, ఒక్కొక్కటిగా తపాలా డబ్బాలో వేసినవే. పోయేటప్పుడు గాలికి పోయినట్టు పోయినవి వచ్చేటప్పుడు ఇంత బరువు ఎట్లా ఎక్కాయో ఆమెకు అర్థం కావడం లేదు. ఎమ్మిగనూరు పోయే బస్సు ఇంకా ఆదోని దాటలేదు. జిన్నింగు మిల్లుల వీధిలో పత్తి బండ్లు అడ్డం పడితే డ్రైవరు హారను నొక్కుతూ, బండ్లవాళ్ళు వినిపించుకోకుండా, ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఎండుగాలికి దూది పీచు లేచి బస్సులోకి వచ్చి, ముందు సీట్లలో కూర్చున్న ఆడవాళ్ళ జుట్టు మీద, ఎవరి ఒళ్ళోనో నిద్రపోతున్న పసిపిల్ల కనురెప్పల మీద, అమృతవల్లి ఒళ్ళోని కట్ట మీద వాలుతోంది. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళు దాన్ని దులుపుకోరు. ఎంతని దులుపుతారు? ఆమె దులుపుకోవాలని చూస్తున్నది పోస్టు హుసేనప్ప మాటను, అది పోవడం లేదు. బస్సు కదలబోతుండగా హుసేనప్ప పరుగున వచ్చి, సంచిలోంచి ఈ కట్ట తీసి, కిటికీలోంచి లోపలికి అందించి, "అమ్మా, మద్రాసుకు నువ్వు పంపినేవన్నీ తిరిగొచ్చినాయి సూడు, అన్నీ ఒగేసారి" అన్నాడు. మంచి కబురు తెచ్చినవాడిలాగే నవ్వాడు, పాపం. పత్తి వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి పత్తి వ్యాపారం చేసే ఇంట్లోనే కాపురం చేస్తున్న మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో ఉత్తరాలు పంచేవాడికి ఏం తెలుసు.

నమూనా తిరిగొచ్చింది అన్న రోజు ఆమె తండ్రి విశ్వేశ్వరయ్య అన్నం సగంలో లేచేవాడు. అంతకు ముందు ఎప్పుడో మూటలోంచి పిడికెడు పత్తి తీసి, పింజను రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి మెల్లగా లాగి, వెలుతురుకు పెట్టి చూసి, నీలం కాగితంలో పెట్టి మడిచి బొంబాయికి పంపి ఉంటాడు. అదే నమూనా. నీలం కాగితం మీద తెల్లగా పడుకున్న ఆ పత్తిని చూస్తే చిన్నప్పుడు అమృతవల్లికి ఎవరో ఆకాశాన్ని మడిచి కవరులో పెడుతున్నట్టుండేది. పోయిన నమూనా గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. అమ్మ గిన్నెలు కూడా మెల్లగా దించేది. ఒక రోజు పోయేది, రెండో రోజు పోయేది, పోస్టు జవాను వాకిలి ముందునుంచి ఆగకుండా వెళ్ళిపోయేవాడు, అతను ఆగకుండా పోయినకొద్దీ నాన్న మొహం విప్పారేది, వారం తిరిగేసరికి మీసాల కింద ఒక కూనిరాగం మొదలయ్యేది. "బొంబాయోళ్ళకు నచ్చకుంటే వెనక్కి కొడతారు పాపా. రాలేదంటే నచ్చినట్లే. నచ్చిందా సామీ అని మళ్ళా కార్డు రాసేవాడు యాపారస్తుడే కాదు." ఆ మాట చెబుతూ ఆమె బుగ్గ పట్టుకునేవాడు. ఆ వేళ్ళకు ఎండిన పత్తికాయ వాసన. ఇప్పుడు కిటికీలోంచి వస్తున్న వాసన కూడా అదే, అందుకే కాబోలు నాన్న పక్కన కూర్చున్నట్టుంది, కట్ట వంక చూసి తల తిప్పుకున్నట్టుంది. ఆయన పోయి చాలా రోజులైంది. అయినా ఆయన ముందు సిగ్గు వేసింది.

బండ్లు తప్పుకున్నాయి. బస్సు ఊరి చివరకొచ్చింది. కొండ కనిపించింది, కొండ మీద రాయి, రాయి మీద రాయి, ఆ పైన ఇంకా పెద్ద రాయి, ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపడేటట్టు ఒంగి నిలబడి. చిన్నప్పటి నుంచి చూస్తోంది, ఒక్కటీ పడలేదు. వీటిని గళ్ళ కాగితం మీదకు దించాలని ఎందుకు అనిపించిందో. మొదట చీర అంచులు గీయడం మొదలుపెట్టినప్పుడు రాళ్ళ ధ్యాసే లేదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఎమ్మిగనూరు చీర ఒకటి పెట్టారు, వంకాయ రంగుది, అంచులో చిన్న చిన్న గుడి శిఖరాలు. ఆ చీర ఉతికి ఆరేసినప్పుడల్లా ఆ శిఖరాల మధ్య ఖాళీలో ఇంకేదో ఉండాలనిపించేది. ఏముండాలో తెలియక భర్త చదివి పారేసిన పేపరు అంచుల మీద గీసేది. గీసి గీసి ఆ పేపర్లతోనే పొయ్యి రాజేసేది. పెనిమిటి వీరభద్రయ్య గమనించనట్టే ఉండి అన్నీ గమనించే రకం. ఒక సాయంకాలం మిరపకాయ బజ్జీలు తెచ్చి, బజ్జీలు అందరికీ పంచి, అవి కట్టిన కాగితం మాత్రం ఆమె చేతిలో పెట్టాడు. నూనెకు కాగితం అద్దంలాగా మెరుస్తోంది. ఇంటి దగ్గర కూర్చొని తపాలా ద్వారా బట్టల మీది చిత్రలేఖనం నేర్చుకోవచ్చునట, పాఠాల పుస్తకాలన్నీ ముందే పంపుతారట, మనం గీసి పంపితే మాస్టారు దిద్ది తిప్పి పంపుతాడట, చివర్న సర్టిఫికెట్టు కూడా ఇస్తారట. "ఏమే వల్లీ, నీ పిచ్చికి మందు దొరికినాది సూడు" అన్నాడు వీరభద్రయ్య వేళ్ళు నాక్కుంటూ. ఆ కాగితం ఏ సంవత్సరానిదో, బజ్జీల కొట్టుకు చేరేముందు ఎన్ని ఇళ్ళు తిరిగిందో ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

మొదటి పాఠం దిద్ది పంపాడు మాస్టారు. సరళరేఖలు, అడ్డగీతలు, గళ్ళు నింపడం. ఎర్ర పెన్సిలుతో రెండు మూడు చోట్ల సున్నాలు చుట్టి, అడుగున ఒక వాక్యం రాశాడు. మీ గీత భయపడుతోంది, ఎవరూ చూడడం లేదనుకొని గీయండి. కింద సంతకం బదులు ఒక పొడి అక్షరం. అంతే. ఆ కాగితం పట్టుకొని అమృతవల్లి వంటింటి గడప మీద ఎంతసేపు కూర్చుందో, పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా తెలియలేదు. గీత భయపడుతుందా? భయపడేది తను కదా. అత్తగారు చూస్తుందేమో, పనిమనిషి నవ్వుతుందేమో, గళ్ళ కాగితం పాడవుతుందేమో. ఆ భయమంతా చేతిలోంచి పెన్సిల్లోకి, పెన్సిల్లోంచి కాగితంలోకి దిగి అంత దూరం మద్రాసుకు పోయి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి కనిపించిందంటే, ఆ మనిషి చూపు ఎట్లాంటిదై ఉండాలి. ఆ రోజు నుంచి ఆ మనిషికి ఆమె మెల్లమెల్లగా ఒక రూపం కల్పించుకుంది. చూడని సముద్రం పక్కన ఒక మేడగది. గది నిండా వెలుతురు. కళ్ళజోడు ఒకసారి ఉండేది, ఒకసారి ఉండేది కాదు. వేళ్ళు మాత్రం ఎప్పుడూ నాన్న వేళ్ళే. పింజను లాగి చూసినట్టు ఆ మనిషి ఆమె గీతను రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి, వెలుతురుకు పెట్టి, పొడవెంతో చూసేవాడు. రెండో పాఠం కూడా దిద్ది పంపాడు. ఈసారి సున్నాలు తక్కువ, మాట ఒక్కటే, పరవాలేదు అని.

మూడోది రాలేదు. దసరా ముందు మాట. హుసేనప్ప వాకిలి ముందునుంచి ఆగకుండా పోయేవాడు, ఆమె వాకిట్లో నిలబడేది, అతను చెయ్యి ఊపేవాడు, ఆమె లోపలికి వచ్చేది. నాలుగోది పంపింది, అదీ రాలేదు. ఏడ్పు వచ్చేటట్టు ఉన్న ఒక మధ్యాహ్నం, పెరట్లో మిరపకాయలు ఎండబోసి, కాకులు రాకుండా కూర్చొని, అరమోడ్పు కళ్ళతో ఎండలోకి చూస్తుంటే నాన్న కూనిరాగం వినిపించింది. అంతే. దిగ్గున లేచి నిలబడింది. నచ్చింది! నచ్చింది కాబట్టే ఉంచుకున్నాడు. మొదటి రెండూ తప్పులున్నాయి కాబట్టి తిప్పి పంపాడు, మూడోదాంట్లో తప్పు లేదు, నాలుగోదాంట్లో అసలే లేదు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు నవ్వొచ్చింది, మిరపకాయల ఘాటుకు తుమ్ములొచ్చాయి, తుమ్ముతూనే నవ్వింది. ఆ సాయంత్రం చెబితే వీరభద్రయ్య లాంతరు వత్తి పెంచి ఆలోచించి, "అదీ నిజమే. బొంబాయోళ్ళయినా మద్రాసోళ్ళయినా పద్ధతి పద్ధతే కదా. అడగొద్దు, అడిగితే చులకనయితావు" అన్నాడు. ఇద్దరూ పత్తి ఇళ్ళలో పుట్టినవాళ్ళే. ఇంకొకరైతే ఒక కార్డు ముక్క రాసి అడిగి ఉండేవాళ్ళు, వీళ్ళిద్దరికీ అది మర్యాద తప్పడంగా కనిపించింది.

నమ్మనిది అత్తగారు శాంతమ్మ ఒక్కతే. ఆమె పుట్టిల్లు ఆస్పరి, వాన కోసం మొగం ఎత్తి చూసి చూసి మెడ పట్టేసిన ఊరు అది. "పైన మబ్బు పలకకుంటే వాన ఒప్పుకున్యాదని మా నాయన ఏనాడూ విత్తనం ఎయ్యలేదు. ఆడ మనిషి ఉండాడో లేడో ముందు కనుక్కోండి" అనేది. పనిమనిషి రామక్క ఇంకో అడుగు ముందుకేసి నవ్వేది. రామక్కది కైరుప్పల, ఉగాది మరునాడు ఊరు ఊరంతా రెండు పక్షాలై పిడకలతో కొట్టుకునే ఊరు, వాళ్ళన్న ప్రతి ఏడూ నెత్తి మీద బొప్పితో, బొప్పి మీద విబూదితో, మొగమంతా నవ్వుతో కనిపించేవాడు. "మా ఊర్లో పిడక ఇసిరితే ఆ పక్క నుంచి ఇంగో పిడకన్నా వస్తాది కదమ్మా. మీ మాస్టరు యేంటికి ఉలకడూ పలకడు? ఉత్తగా నువ్వే ఇసురుతాండావు." అందరూ నవ్వారు, అమృతవల్లి కూడా నవ్వింది. లోపల మాత్రం, పాపం వీళ్ళకు తెలియదు, అనుకుంది. ఆ తెలియకపోవడాన్ని ఎంత ముద్దుగా దాచుకుందో. చివరికి శాంతమ్మ ఒక ఒప్పందానికి వచ్చింది. ఎమ్మిగనూరు మగ్గాల షెడ్డులో ఏ అంచు నెయ్యాలో తేల్చేవాడు శేషన్న అనే పెద్దాయన ఉన్నాడు, వీరభద్రయ్యకు ఎరిక. ఆయనకు చూపించండి. ఆయన పనికొస్తుందంటే పలక, పెన్సిళ్ళు, గళ్ళ కాగితాలు ఇంట్లో ఉంటాయి. పనికిరాదంటే ఈ పొద్దుతో అటక ఎక్కుతాయి. అమృతవల్లి సరేనంది. అంత ధైర్యంగా సరేనన్నది ఎవరిని చూసుకొని? ఆ మేడగదిలో మనిషిని చూసుకొనే కదా.

ఎండ ఎక్కింది. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి, ఏరిన పత్తిచేలు, కట్టెలకు అక్కడక్కడా మిగిలిపోయిన తెల్లటి తునకలు. దూరంగా కాలువ తవ్వుతున్న చోట మట్టి గుట్టలు, వాటి మీద చీమల్లా మనుషులు, నీళ్ళు వస్తాయట, నీళ్ళు వస్తే ఈ చేలన్నీ ఏ రంగుకు మారతాయో. కళ్ళు మూసింది. మూస్తే రెప్పల వెనక గళ్ళు, గళ్ళలో ఎర్ర చుక్కలు. ఆ రోజులు ఎట్లాంటివి! తిరిగి రాని ప్రతి కాగితం ఆమెను ఒక వేలెడు పైకి లేపింది. రొట్టె తట్టేటప్పుడు ఆ మనిషి చూసేవాడు, జొన్నపిండి అంచు పగిలితే ఆ పగులులో ఉన్న వంపును ఇద్దరూ కలిసి చూసేవాళ్ళు. ఎవరూ చూడడం లేదనుకొని గీయండి అన్నాడు, ఆమె మాత్రం ఆయన ఒక్కడూ చూస్తున్నాడనుకొని గీసింది, దాంతో మిగిలిన చూపులన్నీ ఎటు పోయాయో పోయాయి. పాఠంలో మామిడిపిందె గీయమంటే పగిలిన పత్తికాయ గీసింది. హంసను గీయమంటే మిల్లు వీధిలో ఒళ్ళంతా దూది అంటి తెల్లబడిన కుక్కను గీసి, భయం లేకుండా పంపింది. ఒకనాడు ఆదోని కొండను గీసింది. రాయి మీద రాయి, అంచు పొడవునా, ఒక రాయి ఒంగితే పక్క రాయి కాచుకొనేటట్టు. గీస్తున్నంతసేపూ చెయ్యి ఆమెది కానట్టుంది. పూర్తయ్యాక చూసి, ఇది నేనా గీసింది అని తలుపు వేసుకొని ఏడ్చింది. కాపీ తీసుకోకుండానే మడిచి, ఇంటి అలవాటు ప్రకారం అన్నింట్లో పెట్టినట్టే మడతలో చిటికెడు పత్తి పెట్టి, పంపేసింది. తర్వాత శేషన్న కోసం అదే మళ్ళీ గీయబోతే రాలేదు. రాళ్ళు వచ్చాయి, కొండ రాలేదు. ఇప్పుడు చేతిలో చుట్ట చుట్టి పట్టుకొన్న కాగితాల్లో ఉన్నవి ఆ వచ్చీరాని బొమ్మలే. అసలువి మద్రాసులో భద్రంగా ఉన్నాయి కదా అని ధైర్యం.

భద్రంగా! అన్నీ ఒళ్ళో ఉన్నాయి. వెనక సీట్లలోంచి వీరభద్రయ్య గొంతు వినిపిస్తోంది. హుసేనప్ప వచ్చినప్పుడు ఆయన బస్సు వెనక ఎవరితోనో పత్తి ధర మాట్లాడుతూ నిలబడ్డాడు, ఈ సంగతి ఆయనకు తెలియదు. పక్కన కూర్చున్న ఎవరో గూడూరు రైతుకు చెబుతున్నాడు, "మా ఆమె గీసినవి మద్రాసుకు పోతాయప్పా. రెండు తప్ప ఒగటన్నా తిరిగి రాలే." ఆ రైతు ఏమన్నాడో ఇంజను మోతలో పోయింది. అమృతవల్లికి చెవులు వేడెక్కాయి. వెనక్కి తిరిగి ఆపండి అనాలి, అనలేదు. ఆపితే కట్ట చూపించాలి. ఇదిగో, తిరిగొచ్చాయి, ఒక్కటి కాదు అన్నీ. అయితే ఆ మనిషి అప్పుడే చూసి, అప్పుడే నచ్చక, తిప్పి పంపడానికి కూడా బద్ధకించి ఒక మూల పడేశాడా? కుక్కను చూసి నవ్వుకున్నాడా? కొండను కూడానా? కొండను చూసి కూడా పక్కన పడేశాడా? వంటింట్లో, పెరట్లో, నిద్రలో తనతో పాటు ఉన్న ఆ చూపు ఇన్నాళ్ళూ తనను మెచ్చుకుంటూ కాదు, విసుక్కుంటూ ఉందా? ఒక్క క్షణం కట్టను కిటికీలోంచి పత్తిచేలోకి విసిరేద్దామనుకుంది. ఏ పిడకైనా విసరగలిగింది ఇన్నాళ్ళూ, ఇది విసరలేకపోయింది. కోపం వచ్చింది. ఆయన మీద వచ్చిందో నాన్న మీద వచ్చిందో తెలియలేదు. ఎంత కోపం వచ్చిందంటే, మర్యాదా మన్నూ అనుకొని, పళ్ళతో దారం కొరికేసింది.

పైన ఒక చీటీ ఉంది. ఎర్ర పెన్సిలు కాదు, ఎవరో పెద్దామె చేతిరాత, అక్షరాలు వంకరగా. తాను ఆ ఇంటి యజమానురాలినని, డ్రాయింగు మాస్టారు కిందటి ఏడే గది ఖాళీ చేశాడని, ఏ ఊరు పోయిందీ చెప్పలేదని, ఇవన్నీ తలుపు సందులోంచి లోపల పడి ఉన్నాయని, సున్నం వేయించడానికి గది తెరిస్తే కనిపించాయని, వెనక మీ పేరుంది కాబట్టి పంపుతున్నానని. అంతే. అమృతవల్లి ఒక కవరు తిప్పి చూసింది. తన జిగురు తను రాసినట్టే ఉంది. ఇంకొకటి చూసింది. దాన్నీ ఎవరూ విప్పలేదు. మూడోదాన్ని గోటితో చించితే మడతలోంచి చిటికెడు పత్తి, తను పెట్టింది, అణిగి, నాణెంలాగా గుండ్రంగా, ఎవరి వేలూ తగలకుండా ఒళ్ళో పడింది.

ఎవరూ చూడలేదు. మేడగది లేదు, అంటే ఉంది గాని అందులో ఎవరూ లేరు. తలుపు వేసిన గది, సున్నం రాలే గోడలు, నేల మీద తన కవర్లు ఒకదాని మీద ఒకటి, రాయి మీద రాయి. వాటి మీద రోజూ తలుపు సందులోంచి సన్నటి వెలుతురు గీత పడి, జరిగి, పోయి ఉంటుంది. చూసిందేమైనా ఉంటే ఆ గీతే చూసి ఉంటుంది. నచ్చలేదనుకున్న బాధ ఒక్కసారిగా పోయి ఆ చోట ఇంకో బాధ వచ్చి కూర్చుంది, ఇది దానికంటే మెత్తగా ఉంది, దానికంటే పెద్దదిగా ఉంది. మనిషి పోయినట్టే ఉంది. తను కల్పించుకున్న మనిషి కోసం ఏడ్వవచ్చునా? ఏడుస్తోంది, పక్కన కూర్చున్నామె కళ్ళలో దుమ్ము పడిందేమోనని ఊదడానికి కూడా సిద్ధపడింది. అత్త అన్నదే నిజం, ఆడ మనిషి లేడు. రామక్క అన్నదే నిజం, ఉత్తగా నువ్వే విసురుతాండావు. నిజమే గాని, మరి కొండ ఎట్లా వచ్చింది? ఎవరూ చూడకుండా వచ్చింది. ఎవరూ చూడడం లేదనుకొని గీయండి అన్న మాట ఆమె పాటించలేదనుకుంది ఇన్నాళ్ళూ, తీరా చూస్తే అక్షరం తప్పకుండా పాటించింది. తలుచుకుంటే ఏడుపులోనే నవ్వొచ్చింది. నవ్వు ఆగాక భయం వేసింది, పాత భయమే, మొదటి పాఠం నాటిది. ఇప్పుడు చూసేవాడు నిజంగా ఉన్నాడు, ఎమ్మిగనూరులో, కళ్ళూ మొహం ఉన్నవాడు. ఇంతవరకు శేషన్న ముందుకు పోయేటప్పుడు వెనక ఒకరున్నారనుకుంది. వెనక్కి తిరిగి చూస్తే ఖాళీ సీటు కూడా లేదు, రైతూ వీరభద్రయ్యా ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతున్నారు. మెల్లగా, ఒక్కో కవరూ చించుకుంటూ, కొండ కోసం వెతికింది. దొరికింది. చుట్టలోంచి వచ్చీరాని కొండను తీసేసి, దీన్ని అన్నింటికీ చివర పెట్టింది.

మగ్గాల షెడ్డులో మోతకు మొదట ఏమీ కనిపించలేదు, మోత తర్వాతే చీకటి, చీకటిలోంచి రంగులు, రంగుల్లోంచి మనుషులు. శేషన్న గుమ్మం పక్కన వెలుతురులో చాప వేయించి కూర్చోమన్నాడు. పొట్టి మనిషి, తెల్ల మీసం, కళ్ళజోడు ఒక పక్క దారంతో చెవికి కట్టుకున్నాడు. "మద్రాసు సర్టిఫికెట్టు ఉందంట కదమ్మా" అన్నాడు. "లేదన్నా. మాస్టరు యాడికో పోయినాడు, నేను పంపినవి తిరిగొచ్చినాయి" అంది అమృతవల్లి. మాట అంత తేలిగ్గా ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. పక్కన వీరభద్రయ్య ఉలిక్కిపడ్డాడు. శేషన్న అంతా విని తల ఊపి, కాగితాలు ఒళ్ళోకి తీసుకున్నాడు. చూశాడు. ఒకటి చూసి పక్కన పెట్టాడు, ఒకటి చూసి ముక్కుపొడి పీల్చాడు, కుక్క దగ్గర కొంచెం ఆగాడు. ఆమె ఆయన కళ్ళనే చూస్తోంది. తన గీత మీద ఇంకో మనిషి చూపు నడుస్తుంటే ఎట్లా ఉంటుందో ఇన్నాళ్ళూ ఊహలో చూసింది, అది ఇట్లా లేదు. చూపు మధ్యలో ఆగుతుంది, వెనక్కి వస్తుంది, ఈగను తోలుకుంటుంది, మళ్ళీ మొదలవుతుంది. కొండను చూసిన తర్వాత శేషన్న దాన్ని తొడ కింద పెట్టుకున్నాడు. మిగిలినవన్నీ చుట్టి ఆమెకు తిప్పి ఇచ్చాడు. ఇచ్చి, ఏమీ అనకుండా, షెడ్డు లోపలి మగ్గాల వంక చూస్తూ కూర్చున్నాడు.

వీరభద్రయ్య మొహం వెలిగిపోయింది. మోచేత్తో పొడిచాడు. తిరిగి ఇవ్వలేదు, ఉంచుకున్నాడు, ఇంకేం కావాలి, బేరం కుదిరినట్టే. "పోదాం పా" అన్నాడు గుసగుసగా, పంచె దులుపుకొని సగం లేచి. ఒకప్పుడైతే ఆమె కూడా లేచేది. ఆ మౌనాన్ని మడిచి కొంగున కట్టుకొని, నాన్న కూనిరాగం తీసుకుంటూ ఆదోని దాకా పోయేది. ఇప్పుడు లేవలేదు. తలుపు సందు, నేల మీద కవర్లు, వెలుతురు గీత.

"అన్నా" అంది. "ఆ కాయితం నీ దగ్గరే ఉండిపోయినాది."

"ఊఁ" అన్నాడు శేషన్న.

"నచ్చి పెట్టుకున్యావో, మరిచిపోయినావో నోటితో సెప్పన్నా. సెప్పకుంటే నేను లేసిపోలేను."

వీరభద్రయ్య తల పట్టుకున్నాడు. శేషన్న కళ్ళజోడు మీదనుంచి ఆమెను చూశాడు, అప్పటిదాకా కాగితాన్నే చూసిన మనిషి. తర్వాత తొడ కింద నుంచి కొండను తీసి, చాప మీద పరిచి, చెవి మీది పెన్సిలు ముక్క తీసి నాలుకతో తడిపి, ఒక రాయి చుట్టూ సున్నా చుట్టాడు. "ఈ రాయి నిలబడదు తల్లీ. కాయితం మింద నిలబడుతుంది గానీ పోగు మింద నిలబడదు, రెండు ఉతుకులకే ఒంగిపోతాది. దీన్ని రెండు పోగులు ఇట్ల జరుపు, దీని కింద ఇంగో సిన్న రాయి పెట్టు. సరిచేసి బేస్తవారం తే. మగ్గానికి ఎక్కించేది అప్పుడు జూస్తాం." కాగితం మడిచి ఆమె చేతికి తిప్పి ఇచ్చేశాడు.

వీరభద్రయ్య మొహం చప్పగా పడిపోయింది. ఎంతైనా పత్తి వ్యాపారి, నమూనా తిరిగొచ్చింది కదా. షెడ్డు బయటికి వచ్చాక ఎండలో నిలబడి, పోనీలే వల్లీ, అమ్మకు నేను చెబుతాలే అన్నాడు. అమృతవల్లి వినడం లేదు. కాగితం విప్పి, తడి ఇంకా ఆరని ఆ పెన్సిలు సున్నాను చూస్తోంది. "ఏం జెప్పాల్సిన పనిలేదు" అంది చివరికి. "పోతూ పోతూ గళ్ళ కాయితాలు కొనుక్కొని పోదాం. బేస్తవారం మళ్ళా రావల్ల."